గ్లాసు లెక్క వేరు... కాటా లెక్క వేరు!

'గ్లాసుకు గ్లాసు కారం, ఆవపిండి, ఉప్పు'... చాలా ఇళ్లలో ఆవకాయకు చెప్పే కొలత ఇదే. దాన్నే ఎవరైనా 'కిలోకు కిలో' అని రాసుకున్నారనుకోండి. ఏడాది నిల్వ ఉండాల్సిన పచ్చడి కాస్తా కొద్ది రోజులకే బూజు పట్టొచ్చు!

ఎందుకంటారా? గ్లాసు చెప్పేది సరుకు ఎంత చోటు పడుతుందో. కాటా చెప్పేది ఎంత బరువుందో. మెత్తటి ఉప్పు బరువైన సరుకు. కారం, ఆవపిండి గుల్లగా ఉంటాయి. అందుకే ఒకే గ్లాసుతో కొలిచినా ఉప్పు కారానికి సుమారు రెట్టింపు తూగుతుంది. మూడింటినీ సమానంగా తూచామో... ఉప్పు సగానికి పడిపోతుంది. పచ్చడిని కాపాడేదే ఆ ఉప్పు మరి!

పూర్వం ఈ రెండు లెక్కలకూ పేర్లే వేరుగా ఉండేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక... ఇవి పాత్రతో కొలిచేవి. పలం, వీశె త్రాసులో తూచేవి. 1958 నుంచి మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమల్లోకి వచ్చాక కొట్లో సరుకులు కిలోల్లోకి మారాయి. వంటింట్లో మాత్రం గ్లాసే మిగిలింది.

250 మిల్లీలీటర్ల కప్పునే తీసుకోండి. నీళ్లయితే 250 గ్రాములు. నూనె సుమారు 230, పంచదార 210, బియ్యం 200 గ్రాములు. మైదా 130 గ్రాములే! మెత్తటి ఉప్పు 300 దాకా తూగుతుంది. కల్లుప్పు మధ్య ఖాళీలుంటాయి కాబట్టి అదే కప్పుకు బరువు తగ్గుతుంది. దోసెల పిండికి ఈ బెంగ లేదు. బియ్యం, మినప్పప్పు దాదాపు ఒకే బరువు కాబట్టి కొలిచినా తూచినా తేడా రాదు. అమెరికాలో ఉన్న అమ్మాయికి వంట చెబుతుంటే మాత్రం జాగ్రత్త. అక్కడి కప్పు సుమారు 237 మిల్లీలీటర్లే.

ఇంట్లో కాటా లేదా? కిలో ప్యాకెట్ విప్పి మీ గ్లాసుతో తలకొట్టి కొలవండి. అయిదు గ్లాసులొస్తే గ్లాసుకు 200 గ్రాములన్నట్టు. పిండిని నొక్కి నింపొద్దు. ఒక్కో సరుకుకూ విడివిడిగా లెక్కకట్టి, ఆ చీటీని అలమర తలుపుకి లోపలివైపు అంటించుకుంటే సరి. కొట్లో ఎన్ని గ్రాములు కొనాలో, వంటలో ఎన్ని గ్లాసులు వేయాలో ఇక తడుముకోనక్కర్లేదు.