గ్రేస్ డార్లింగ్ పడవ ఏం చెబుతుంది?

ఇంగ్లండు ఈశాన్య తీరంలో బాంబరో అనే చిన్న ఊరు ఉంది. అక్కడి మ్యూజియంలో 21 అడుగుల చెక్క పడవ ఒకటి భద్రంగా ఉంది. మ్యూజియాన్ని నడిపేది ఆర్.ఎన్.ఎల్.ఐ. అనే సంస్థ. సముద్రంలో ఆపదలో పడ్డవాళ్లను కాపాడడమే దాని పని. 1824లో మొదలైన ఈ సంస్థ సర్కారు శాఖ కాదు, చందాల మీద నడుస్తుంది. పడవెక్కి వెళ్లేవాళ్లలో చాలామంది జీతం లేకుండా, ఇష్టపడి వచ్చినవాళ్లే.

ఆ తీరంలో ఇలాంటి పడవను కోబుల్ అంటారు. ఒక పలక అంచు మీదికి ఇంకో పలక ఎక్కేలా బిగిస్తారు. ముందు భాగం ఎత్తుగా, లోతుగా ఉంటుంది; వెనక అడుగు చదును. ఇసుక మీదికి లాగడానికి వీలుగా చేసిన మామూలు చేపల పడవే. దాన్ని ఎందుకు అంత జాగ్రత్తగా దాచారంటారా? ఆ కథ తెలియాలి.

1838 సెప్టెంబరు 7. తెల్లవారకముందే, భయంకరమైన గాలివానలో, ఫోర్ఫర్‌షైర్ అనే ఆవిరి ఓడ ఒక రాతి దిబ్బను గుద్దుకుంది. హల్ నుంచి డండీకి పోతున్న ఓడ అది. దారిలోనే బాయిలర్లు చెడిపోయాయి, ఓడ అదుపు తప్పింది. గుద్దుకున్న కాసేపటికే రెండు ముక్కలైంది. వెనక భాగం జనంతో సహా కొట్టుకుపోయింది. అందులో ఉన్న సుమారు 60 మందిలో తొమ్మిది మంది ఓడలోని చిన్న పడవలో తప్పించుకున్నారు. ఇంకో తొమ్మిది మంది ఆ రాతి మీద మిగిలారు.

దగ్గరలోని లాంగ్‌స్టోన్ దీవిలో ఒక లైట్‌హౌస్ ఉంది. దాన్ని చూసుకునేది విలియం డార్లింగ్. కూతురు గ్రేస్‌కు అప్పటికి 22 ఏళ్లు. పై అంతస్తు కిటికీ నుంచి ఓడను మొదట చూసింది ఆమే. వెలుతురు వచ్చాక రాతి మీద మనుషులు కదలడం కనిపించింది. తండ్రీకూతుళ్లు పడవ దించారు, తల్లి సాయం పట్టింది. నేరుగా పోతే అలలు రాళ్లకేసి కొడతాయి. అందుకని దీవుల చాటున చుట్టు తిరిగి, దాదాపు ఒక మైలు తెడ్లు వేశారు.

ఆ తర్వాత వార్త దేశమంతా పాకింది. చిత్రకారులు బొమ్మలు వేశారు, కవులు పద్యాలు రాశారు. అలల మధ్య జుట్టు ఎగురుతూ, ఒంటరిగా పడవ నడుపుతున్న అమ్మాయి అందరి మనసులోనూ నిలిచిపోయింది. బొమ్మ బాగానే ఉంటుంది. కానీ పిల్లలూ, ఆ 21 అడుగుల పడవను తలచుకుని చూడండి. అలాంటి సముద్రంలో దాన్ని ఒక్కరే నడపడం అయ్యే పనేనా?

నా ఉద్దేశంలో గ్రేస్ చేసిన అసలు కష్టమైన పని బొమ్మల్లో లేదు. రాయి దగ్గరకు చేరగానే తండ్రి పడవ దిగి పైకి ఎక్కాడు. ఆయన తిరిగి వచ్చేదాకా రెండు తెడ్లూ ఆమె చేతుల్లోనే. దగ్గరకు పోతే పడవ పగులుతుంది, దూరం పోతే తండ్రి రాతి మీదే ఉండిపోతాడు. ముందుకూ వెనక్కూ తెడ్లు వేస్తూ అక్కడే నిలబెట్టింది. రాతి మీద సారా డాసన్ అనే తల్లి ప్రాణం లేని ఇద్దరు పిల్లలను పట్టుకుని కూర్చుని ఉంది. మొదటిసారి ఆమెనూ నలుగురు మగవాళ్లనూ ఎక్కించుకున్నారు. అందరికీ ఒకేసారి చోటు చాలదు. మిగిలిన నలుగురి కోసం తండ్రి, అప్పుడే ప్రాణాలతో బయటపడిన ఓడవాళ్లు ఇద్దరు మళ్లీ వెళ్లారు. గ్రేస్ లైట్‌హౌస్‌లో ఉండి, వచ్చినవాళ్లను చూసుకుంది.

అదే ఉదయం సీహౌసెస్ ఊరి నుంచి ఏడుగురు చేపల పడవలో బయలుదేరారు. వాళ్లలో గ్రేస్ తమ్ముడు కూడా ఉన్నాడు. చేరేసరికి రాతి మీద శవాలే మిగిలాయి. గాలి వల్ల తిరిగి పోలేక వాళ్లూ లైట్‌హౌస్‌లోనే తలదాచుకున్నారు. ప్రాణానికి తెగించడంలో వాళ్లేం తక్కువ కాదు. అయినా పేరు మాత్రం వాళ్లకు రాలేదు.

గ్రేస్‌కు వచ్చిన పేరు ఆమెను సుఖంగా ఉండనివ్వలేదు. ఉత్తరాలు కుప్పలుగా వచ్చేవి. తల వెంట్రుకలు పంపమని, వేసుకున్న గౌనులోంచి గుడ్డ ముక్క ఇమ్మని అడిగేవారు. అలాంటి ఉత్తరాలు, బట్టలు, వెంట్రుకలు కూడా మ్యూజియంలో ఉన్నాయి. తండ్రికీ ఆమెకూ వెండి పతకాలు ఇచ్చారు. నాలుగేళ్లకే, 1842లో, క్షయ వ్యాధితో ఆమె చనిపోయింది. అప్పటికి 26 ఏళ్లే. ఆ ఘటనకు నూరేళ్లు నిండిన 1938లో ఈ మ్యూజియం తెరిచారు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంట్లో పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు తెడ్డు వేసిన తండ్రినీ, పడవ దించిన తల్లినీ, ఆ ఏడుగురినీ వదిలేయకండి. లైట్‌హౌస్ దినచర్య పుస్తకంలో విలియం ఈ సంగతి రాసుకున్నాడు, అదీ నాలుగు ముక్కల్లోనే. ఓడ పట్టుకుని మిగిలిన తొమ్మిది మందిని డార్లింగులు కాపాడారు అన్నాడే తప్ప, కూతురి పేరూ విడిగా లేదు, తన పేరూ లేదు.