సిరా మానేసిన ట్రెడిల్

ట్రెడిల్ ప్రెస్సు పుట్టింది అక్షరం అచ్చు వేయడానికి. ఇప్పుడు విశాఖపట్నంలో ఏ ప్రెస్సులోనైనా అది ఆడుతూ కనిపిస్తే, చాలావరకు సిరా రోలర్లు తీసేసే ఉంటాయి. అచ్చు పనిని ఆఫ్‌సెట్ ఎప్పుడో ఎగరేసుకుపోయింది. దీనికి మిగిలింది కోత, మడత, నంబరింగ్. శుభలేఖ అంచు వంపులు తిరిగినా, క్రిస్మస్ కార్డు మధ్యలో నక్షత్రం ఆకారంలో కిటికీ తెరుచుకున్నా, అది ‘పంచింగ్’ పని.

అచ్చుతో విశాఖకు చుట్టరికం పాతదే. 1805లో ఇక్కడికొచ్చిన లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డెగ్రాంజ్ సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. వాటిలో మూడు 1812లో అచ్చయ్యాయి, అదీ ఇక్కడ కాదు, బెంగాల్‌లోని సేరాంపూర్‌లో. ఆనాటికి ట్రెడిల్ ఇంకా పుట్టలేదు.

దాన్ని నిలబెట్టినవాడు జార్జ్ ఫినియస్ గోర్డన్. నాటకాల నుంచి అచ్చు పనిలోకి వచ్చిన ఈ అమెరికన్ 1851లో తన ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కలలోకి వచ్చి యంత్రం చూపించాడని చెప్పుకునేవాడు. నటుడి మాట కదా, ఎంత నమ్మాలో మీ ఇష్టం. యంత్రం మాత్రం నికరమైనది. ఎదురెదురుగా రెండు ఇనుప పలకలు. ఒకదానికి అక్షరాల చట్రం, రెండోదాని మీద కాగితం. కాలితో తొక్కితే ఫ్లైవీల్ తిరుగుతుంది, పలకలు ఆల్చిప్పలా తెరుచుకుని మూసుకుంటాయి. ఆఖరి క్షణంలో పలక కదిలే దూరం చాలా తక్కువ. చక్రంలో చేరిన శక్తి ఆ కాస్త దూరంలోనే ఖర్చవుతుంది కాబట్టి నొక్కు అంత బలంగా పడుతుంది. కాగితం పెట్టే చెయ్యి లయ తప్పితే వేళ్లకే ప్రమాదం.

ఇక కోత కథ. 1879లో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గెయిర్ ఫ్యాక్టరీలో విత్తనాల సంచులు అచ్చవుతున్నాయి. మడత గీత నొక్కాల్సిన లోహపు పట్టీ ఒకటి చోటు తప్పి పైకి లేచి, సంచుల్ని కోసేసింది. సరుకు పాడైంది గానీ గెయిర్‌కు ఒక ఉపాయం తట్టింది. ఎత్తు పట్టీ కోస్తుంది, పొట్టి పట్టీ మడత వేస్తుంది. రెండూ ఒకే చట్రంలో బిగిస్తే ఒక్క నొక్కుతో పెట్టె అట్ట తయారు. పొరపాటున పుట్టిన ఆవిష్కరణల కథలంటే నాకు సాధారణంగా అనుమానం. దీన్ని మాత్రం నమ్ముతాను, ఎందుకంటే ఇప్పటి కోత అచ్చులోనూ, అంటే డైలోనూ, పనిచేసేది ఆ ఎత్తు తేడాయే.

డైని చేతిలోకి తీసుకుని చూడండి. ఒక ప్లైవుడ్ పలక, అందులో లేజర్‌తో కోసిన సన్నని గాడి, గాడిలోకి ఆకారానికి తగ్గట్టు వంచి దిగ్గొట్టిన ఉక్కు పట్టీ. సాధారణంగా దాని ఎత్తు 23.8 మి.మీ., మందం 0.71 మి.మీ. పై అంచు కత్తి. మడత పట్టీ దానికంటే కాస్త పొట్టి, అంచు గుండ్రం. కత్తికి రెండు పక్కలా రబ్బరు ముక్కలు అంటిస్తారు. కోత అయ్యాక కార్డు ఇరుక్కోకుండా బయటికి తోసేవి అవే. కత్తి అంచున అక్కడక్కడా చిన్న గాట్లు పెడతారు. అక్కడ కాగితం తెగదు కాబట్టి ముక్క షీటును పట్టుకునే ఉంటుంది, తరవాత చేత్తో విదిలిస్తే ఊడివస్తుంది. శుభలేఖ అంచున వేలికి తగిలే చిన్న మొటిమ ఆ గాటు గుర్తే. ఎక్కడైనా సరిగా తెగకపోతే మొత్తం ఒత్తిడి పెంచరు. ఆ ఒక్క చోట వెనక సన్నని కాగితం పట్టీ అంటిస్తారు.

ఇంత ఉక్కు పండే ఊళ్లో ఆ పట్టీ ఇక్కడిదే అనుకుంటాం. కాదు. విశాఖ ఉక్కు కర్మాగారం సరుకంతా కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, చానెళ్ల బాపతు. డైకి కావలసింది పల్చటి రేకు పట్టీ, ఒళ్లు వంగాలి, అంచు మాత్రం గట్టిగా నిలవాలి.

ఇంట్లో కూర్చుని కార్డులు చేసేవాళ్లకు ట్రెడిల్ పనికిరాదు. 12.5 సెం.మీ. వెడల్పు, 17.5 సెం.మీ. పొడవున్న కార్డు చుట్టూ 60 సెం.మీ. కోత ఉంటుంది. ట్రెడిల్‌లో అంత కత్తీ ఒకేసారి కాగితంలోకి దిగాలి. బల్ల మీద పెట్టుకునే చేతి యంత్రం ఈ లెక్కను తప్పించుకుంది. రెండు రోలర్ల మధ్య నుంచి ప్లేటు, డై, కాగితం, మళ్లీ ప్లేటు, ఈ దొంతరను పిడి తిప్పి లాగుతాం. ఒక్కో క్షణంలో రోలరు కింద ఉన్న సన్నని గీతలోనే ఒత్తిడి పడుతుంది, అందుకే మామూలు చెయ్యి చాలు. అయితే డై అంచు రోలరుకు సమాంతరంగా వచ్చినప్పుడు ఆ వైపు మొత్తం ఒకేసారి తగిలి పిడి బిగుసుకుంటుంది. డైని కాస్త ఏటవాలుగా పెడితే ఇబ్బంది ఉండదు. కాలిఫోర్నియాలో ఎలిసన్ కంపెనీ 1977లో బడుల కోసం అక్షరాలు కోసే యంత్రంతో మొదలైంది. 2001లో ఆ కంపెనీయే సిజిక్స్ పేరుతో ఇళ్లలోకి వచ్చింది.

కార్డు మీద బొమ్మ అద్దే స్టాంపు దారి వేరు. 1839లో గుడ్‌ఇయర్ గంధకంతో వేడిచేసి రబ్బరును గట్టిపరిచాక, 1860ల్లో రబ్బరు స్టాంపులొచ్చాయి. తొలి స్టాంపులను ఉడికించినవి దంతవైద్యుల పాత్రలే! కట్టుడు పళ్లకు రబ్బరు చిగుళ్లు చేసే ఆ చిన్న కుక్కర్లలో స్టాంపులూ తయారయ్యాయి. ఇప్పటి పాలిమర్ స్టాంపుకు వేడి అక్కర్లేదు. నెగటివ్ కింద జిగట పాలిమర్ పోసి అతినీలలోహిత కాంతి చూపిస్తే, వెలుగు తగిలిన చోట గట్టిపడుతుంది, మిగిలింది కడిగితే పోతుంది. పారదర్శకంగా ఉంటుంది కాబట్టి ఎక్కడ అద్దుతున్నామో కనిపిస్తుంది.

చేత్తో చేసిన కార్డులో యంత్రం చొరబడిందని కొందరు ముక్కు విరుస్తారు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన మొదటి వ్యాపార క్రిస్మస్ కార్డు కూడా అచ్చు మీద చేత్తో రంగులు వేసిందే. వెయ్యి కార్డులు, ఒక్కోటి ఒక షిల్లింగు.

విశాఖలో అసలు పేచీ సముద్రపు గాలితో. కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిక్కున పడుకుని ఉంటుంది, తేమ పీలిస్తే పీచు అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే చెమ్మ రోజున కార్డు వంగిపోతుంది, కోత అంచున నూగు లేస్తుంది, పల్చటి సిరా పాకుతుంది. ఒక ముక్కకు ఒకవైపు తడి అద్దండి, అది గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవు ఏ దిక్కునో పీచు దిక్కు అదే. మడత ఆ దిక్కునే వేయాలి. అడ్డంగా వేస్తే మందపాటి కార్డు వీపు పగులుతుంది.

ఇంటి యంత్రాల రెడీమేడ్ డైల్లో మంచు రేకులు, పైన్ చెట్లు, రెయిన్‌డీర్లు బోలెడు. గంగిరెద్దో భోగి మంటో కావాలంటే ప్రత్యేకంగా చేయించాలి, పది కార్డుల కోసం అంత ఖర్చు ఎవరు పెడతారు? కోతకు దొరికిన గుండ్రటి డైనే వాడుకుని బొమ్మను స్టాంపుకు వదిలేయడం మేలు. స్టాంపు చేసేవాడికి తెల్లకాగితం మీద నల్లగీతల బొమ్మ ఇస్తే చాలు. డాల్ఫిన్స్ నోస్ కొండ, మీద లైట్‌హౌస్, కింద రేవులోకి వస్తున్న ఓడ. ఓడ తాళ్లు మాత్రం కాస్త లావుగా గీయండి, లేకపోతే పాలిమర్ కడిగేటప్పుడు నీళ్లతో పోతాయి.