నిరోధకత ఎవరిది?

తొమ్మిదో తరగతి పిల్లలను "నిరోధకత అంటే ఏమిటి?" అని అడిగితే చాలామంది "రోగం రాకుండా కాపాడే శక్తి, సార్" అంటారు. అది రోగనిరోధక శక్తి, మన ఒంటిది. మందులను తట్టుకునే నిరోధకత మాత్రం సూక్ష్మజీవిది. మాట ఒకటే, పక్షాలు వేరు.

క్షయనే తీసుకుందాం. దానికి కారణమైన బ్యాక్టీరియాను 1882లో రాబర్ట్ కాక్ గుర్తించాడు. అది చాలా మెల్లగా పెరుగుతుంది. అందుకే మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. నయమైందనుకొని మాత్రలు ఆపేస్తారు. అప్పటికి బలహీనమైన క్రిములు చచ్చి, మందును తట్టుకోగలిగినవి మిగిలి ఉంటాయి. ఇక పెరిగేవి అవే. తర్వాత అదే మాత్ర పనిచేయదు; ఇంట్లో మరొకరికి సోకేదీ ఆ మొండి క్రిమే.

జలుబు వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. ఈ జవాబు పరీక్షలో సరిగ్గా రాసిన పిల్లవాడి ఇంట్లోనే జలుబుకు యాంటీబయాటిక్ కొంటారు!

క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే. అయినా కూలి పోతుందని, ఆసుపత్రికి వెళ్లడానికి చార్జీలు లేవని, ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే వికారంగా ఉందని మధ్యలో మానేసేవారున్నారు. దాతలు మందుల బిల్లు ఎంతయిందని అడుగుతుంటారు. రోగి ఇంటికి ఆ ఆరు నెలలూ పప్పు, గుడ్లు, ఆటో చార్జీలు అందాయో లేదో కూడా అడగండి.