మెదక్ దుర్గం, సొరంగాల జనశ్రుతి: పురావస్తు దృష్టి

1. ఉపోద్ఘాతం:
తెలుగునాట కోట ఉన్నచోట సొరంగం కథ కూడా ఉంటుంది. గోలకొండ నుండి చార్మినారుకు రహస్యమార్గం ఉందన్న జనశ్రుతి అందరికీ తెలిసినదే. కాకతీయుల కాలంలో వెలసి, బహమనీ, కుతుబ్‌షాహీల ఏలుబడిని చూసిన మెదక్ వంటి గిరిదుర్గం ఎదుట నిలిచినప్పుడూ ఇదే ప్రశ్న తలెత్తుతుంది. ఇటువంటి కథలను ఏ ఆధారాలతో పరీక్షించాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదం - అర్థం:
'సొరంగం' అన్న మాటకు మూలం సంస్కృత 'సురుంగ'. ఇది అర్థశాస్త్రంలో కనిపిస్తుంది. గొట్టమని అర్థమిచ్చే గ్రీకు 'సిరింక్స్' నుండి ఇది వచ్చిందని పలువురు భాషావేత్తల అభిప్రాయం. వాడుకలో మాత్రం ధాన్యపు పాతర, నేలమాళిగ, కోటగోడలోని దిడ్డి, నీటికాలువ అన్నీ సొరంగాలే. వీటిని వేరుచేసి చూడడం పరిశీలనలో తొలిమెట్టు.

3. బీదరు కరేజ్:
మెదక్‌కు పడమటనున్న బహమనీల రాజధాని బీదరులో మధ్యయుగపు భూగర్భమార్గం నిజంగానే ఉంది. నౌబాద్ కరేజ్‌గా పిలిచే ఈ కాలువ పొడవు సుమారు 3 కిలోమీటర్లు. పారశీక పద్ధతిలో, స్వల్పమైన వాలుతో భూగర్భజలాన్ని తరలించడానికి దీనిని తవ్వారు. పైనుండి దింపిన 21 నిలువు బావులు కూలీలకు గాలి, వెలుతురు అందించాయి; తవ్విన మట్టి పైకి వచ్చిందీ వాటిగుండానే. అక్కడి నేల జేగురురాయి. తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలి సోకాక గట్టిపడడం దాని గుణం.

4. మెదక్ గుట్ట:
మెదక్ దుర్గం నిలిచినది గ్రానైటుపై. ఉలి, సమ్మెటలతో అందులో క్రోసుల పొడవున దారి తొలచడం అత్యంత కష్టసాధ్యం. తొలిచి ఉంటే ఉలిగాట్లు, గాలిబావులు, తవ్వితీసిన రాతికుప్పలు, రెండవ ద్వారం కనిపించాలి. పైగా గ్రానైటు గుట్టల్లో బండల నడుమ సహజంగా ఏర్పడే బిలాలు సొరంగపు ముఖద్వారాలుగా భ్రమింపజేస్తాయి. కనుక చీకటి బిలం ఒక్కటే ఆధారం కాజాలదు.

5. ముగింపు:
ఈ విచక్షణ కేవలం పాండిత్య విషయం కాదు. సొరంగం కథ వెంటే గుప్తనిధుల ఆశ నడుస్తుంది. దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నా, రాత్రివేళ తవ్వకాలు ఆగడం లేదు. గునపం దెబ్బకు మట్టిపొరల క్రమం చెదిరితే, కాలనిర్ణయానికి ఆధారం శాశ్వతంగా పోతుంది. జనశ్రుతిని జానపద వాఙ్మయంగా సేకరించి భద్రపరచాలి. దానిని తవ్వకానికి చిరునామాగా మాత్రం వాడరాదు.