తుంటి మార్పిచ్చుకుంటే సంసారం బందయితదా?

తుంటి మార్పిడి అంటే ముసలోళ్ల ముచ్చట అనుకుంటరు మనోళ్లు. గదేం లేదు. నాకు 34 ఏండ్లకే అయింది. నెత్తురు అందక తుంటి బొక్క తలకాయ కుంగిపోవుడును డాక్టర్లు ఏవీఎన్ అంటరు. మస్తు మందు తాగుడు, స్టిరాయిడ్లు శానా రోజులు వాడుడు, మన ఆదివాసీ ఊర్లల్ల ఉండే సికిల్ సెల్ జబ్బు దీనికి పెద్ద కారణాలు. అందుకే వయసు పిల్లలకు గూడ వస్తది.

నా డిశ్చార్జి కాయితంల గోలీలు, కుట్లు, వాకర్ అన్నీ రాసిన్రు. ఆలుమగల ముచ్చట ఒక్క అక్షరం లేదు. నేనే సిగ్గిడిసి అడిగిన. అడగనోళ్ల ఇండ్లల్ల ఏమైతదో సూస్తనే ఉన్న. మొగడు ఒక మంచం, పెండ్లాం ఒక మంచం. ఊర్లె ‘పనికిరాడు’ అని గుసగుసలు.

అసలు సంగతేందంటే, ఆపరేషన్ల మార్చేది కీలునే. మగతనానికి, పిల్లలు పుట్టుడుకు దాంతోటి అడ్డం లేదు. భయమల్లా కొత్త కీలు జారుతదనే. మామూలుగ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమంటరు, కొందరికి ఇంకా ఎక్కువ. మీకు ఎప్పుడన్నది మీ సర్జనే చెప్పాలె.

కోత ఎనక నుంచా, ముందల నుంచా? గిది తప్పక అడుగుండ్రి. ఎనక నుంచైతే తుంటి 90 డిగ్రీలు దాటి వంగొద్దు, కాలు మీద కాలు ఎయ్యొద్దు, పాదం లోపలికి తిప్పొద్దు. ముందల నుంచైతే కాలు ఎనకకు సాపి బయటికి తిప్పొద్దు.

మొదట్ల ఆపరేషన్ అయినోళ్లు వెల్లకిల పండుకునుడే నయం. కదులుడు రెండోవాళ్లు సూసుకోవాలె. ఆడామెకు అయితే కాళ్లు జెర ఎడం పెట్టి, తొడల బయటిదిక్కు మెత్తలు ఆసరా పెట్టాలె. నులక మంచం కుంగితే తుంటి గూడ వంగుతది, గట్టి పరుపు ఉండాలె. నొప్పి లేస్తే ఆపాలె. ఒక్కసారి గట్టిగ నొప్పి లేసి, కాలు పొట్టిగయి, అడుగు మోపరాకుంటే కీలు జారినట్టే. నాటు కట్టు, గుంజుడు వద్దు, సీదా దవాఖానకు పోవాలె.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీ అమ్మానాయినలను దవాఖానకు తోల్కపోయేది మీరే. మీ ముందల వాళ్లు గీ ముచ్చట అడగరు. చెకప్ అయినంక రెండు నిమిషాలు బయటికి నడువుండ్రి. వాళ్లను డాక్టర్‌తోటి మాట్లాడనియ్యుండ్రి.