గృహప్రవేశంతో పాటే సేవల బదిలీ

హైదరాబాదు నగర పేదల కొరకు సంగారెడ్డి జిల్లా కొల్లూరులో నిర్మించిన 15,660 రెండు పడక గదుల ఇళ్ల సముదాయం 2023 జూన్‌లో ప్రారంభమైనది. అయితే ఇల్లు లభించినంత మాత్రాన కుటుంబం స్థిరపడజాలదు. వెనుకటి చిరునామాతో ముడిపడిన సేవలు కూడా కొత్త చోట అందవలసి ఉన్నది.

పోర్టబిలిటీ విధానం కింద రేషన్ కార్డుదారులు సమీపంలోని ఏ చౌకధరల దుకాణంలోనైనా బియ్యం పొందవచ్చును. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం, 6 నుండి 14 ఏళ్ల పిల్లలకు బదిలీ ధ్రువపత్రం ఆలస్యమైనదన్న కారణంతో ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశం నిరాకరించరాదు. ఓటును కొత్త చిరునామాకు మార్చుకొనుటకు ఫారం-8 సమర్పించవలెను.

బియ్యం, బడి వెనుకటి బస్తీలోనే ఉండిపోయినచో కుటుంబమూ అక్కడికే మరలిపోగలదు. కనుక తాళంచెవులతో పాటే ఈ వివరాలను లబ్ధిదారులకు తెలియజేయుట అవసరం.