నీట మునిగిన కారు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో అనేక కార్లు నీట మునిగినవి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో నూటికి 75 వంతులు మించినచో, సాధారణముగా కంపెనీ దానిని పూర్తినష్టముగా లెక్కగట్టి సొమ్ము చెల్లించును. అట్టి కారు తుక్కు క్రింద అమ్ముడుపోయి, పైపై మెరుగులతో చౌకగా మరల బజారుకు రావచ్చును.

ఇంజను సంగతి మెకానిక్కు విప్పి చూడగలడు. చిక్కంతయు కరెంటు తీగల అతుకులలో నున్నది. వరదనీటిలో లవణములు కరిగియుండును. బ్యాటరీ కలిపియున్నంత సేపు ఆ నీటిగుండ విద్యుత్తు ప్రవహించి రాగిని తినివేయును. నీరు ఆరినను పచ్చని చిలుము మిగిలి, నెలల తరబడి పెరుగుచుండును. ప్రమాదవేళ గాలిసంచులను విప్పవలసిన పెట్టె అనేక కార్లలో ముందుసీట్ల నడుమ, నేలమీదనే యుండును! హెచ్చరిక దీపమును ఎవరైన తీసివేసినచో, దాని లోపము అవసరము పడువరకు బయటపడదు.

కొనువారు సీటుబెల్టును చివరికంట లాగి చూడవలెను. తివాచీలు మార్చి అత్తరు చల్లినవారు సైతము చుట్టలో దాగిన బెల్టును కడుగుట మరచెదరు. అచట బురదచార కనబడవచ్చును. అదనపు చక్రముంచు గుంటలో ఒండ్రు, సీట్లక్రింది మరలకు తుప్పు కూడ సాక్ష్యములే. పాత బీమా పత్రములడిగి, క్లెయిముల సంగతి కంపెనీలో విచారింపవచ్చును.